రష్యా కోసం కట్టిన రైలింజన్లు అమెరికాలో ఎందుకు తిరిగాయి? యుద్ధకాలపు అమ్మకం తగాదా, గేజ్ లెక్క

అడిగిన ప్రశ్న ఇది: "యుద్ధం వల్ల ఒక దేశానికి అమ్మాల్సిన రైలింజన్లు ఫ్యాక్టరీలోనే ఆగిపోతే అవి ఎవరి సొత్తు? ఇచ్చిన అడ్వాన్సు ఏమవుతుంది? వాటిని ఇంకో రైల్వేకి అమ్మాలంటే గేజ్‌కి తగ్గట్టు చక్రాలు జరిపితే సరిపోదా? రష్యాకి కట్టిన ఇంజన్లు అమెరికాలో తిరిగాయని విన్నాను, నిజమేనా?"

నిజమే, అదీ రెండుసార్లు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో దాదాపు 200 ఆవిరి ఇంజన్లు, 1948లో 20 కరెంటు ఇంజన్లు అలా ఆగిపోయాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంకో 20 ఆవిరి ఇంజన్లు ఆగితే అవి ఫిన్లాండ్‌కి వెళ్ళాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇంజన్ ఎవరి సొత్తో కాగితాలు చెబుతాయి. చివరికి అది ఎవరి చేతికి, ఎంతకు వెళ్తుందన్నది మాత్రం గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం), వోల్టేజ్, ఇరుసు బరువు (ఒక్కో ఇరుసు పట్టాల మీద మోపే బరువు) తేలుస్తాయి. ఎందుకంటే రైలింజన్ అంగట్లో పెట్టి అమ్మే సరుకు కాదు, కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా లాంటిది. కుట్టించుకున్నవాడు రాకపోతే ఆ కొలతలకు సరిపోయే ఇంకో ఒళ్ళు వెతకాలి.

ముందు అమ్మకం ఆగడానికి కారణం ఏమిటో విడదీసుకోవాలి. కొనేవాడు శత్రుదేశం వాడైతే అది ఒక రకం: సరుకు, బాకీ రెండూ శత్రు ఆస్తి చట్టాల కిందికి పోతాయి. కొన్న ప్రభుత్వమే కూలిపోతే రెండో రకం. కొనేవాడూ అమ్మేవాడూ సిద్ధంగానే ఉన్నా అమ్మేవాడి ప్రభుత్వం ఎగుమతికి అనుమతి ఇవ్వకపోతే మూడో రకం. చాలామంది ఈ మూడింటినీ "యుద్ధం వచ్చింది కాబట్టి రద్దయింది" అని ఒకే గాటన కట్టేస్తారు. 1917 నాటిది రెండో రకం, 1948 నాటిది మూడో రకం. రెండింట్లోనూ రష్యా చట్టప్రకారం అమెరికాకు శత్రుదేశం కాదు.

1917 సంగతి. జార్ ప్రభుత్వం యుద్ధ రవాణా కోసం అమెరికాలో ఇంజన్లు కట్టే బాల్డ్విన్, ఆల్కో కంపెనీలకు 2-10-0 రకం ఇంజన్లు భారీ సంఖ్యలో ఆర్డరిచ్చింది. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక పది లాగే చక్రాలు ఉండే ఈ రకాన్ని డెకాపాడ్ అంటారు. చాలావరకు రష్యా చేరాయి. ఈలోగా జార్ పోయాడు, తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది, అదీ పోయి బోల్షెవిక్కులు వచ్చారు. అమెరికా రేవుల్లో, ఫ్యాక్టరీల్లో దాదాపు 200 ఇంజన్లు మిగిలిపోయాయి. ఇక్కడ అసలు చిక్కు "రష్యా తరఫున ఎవరు మాట్లాడాలి?" అన్నది. అమెరికా బోల్షెవిక్ ప్రభుత్వాన్ని 1933 దాకా గుర్తించలేదు. తాత్కాలిక ప్రభుత్వం పంపిన రాయబారి బోరిస్ బఖ్మెతెవ్‌నే 1922 వరకు రష్యా ప్రతినిధిగా చూసింది. గుర్తింపు లేని ప్రభుత్వం తమ కోర్టుల్లో దావా వేయలేదని న్యూయార్క్ అప్పీల్స్ కోర్టు 1923లో సిబ్రారియో కేసులో తేల్చింది. అది సినిమా సామగ్రి కొనుగోలు గొడవే గానీ సూత్రం ఇంజన్లకూ వర్తిస్తుంది. అంటే మాస్కోలో అధికారంలో ఉన్నవాళ్ళు "ఆ ఇంజన్లు మావి" అని అమెరికా కోర్టు గడప తొక్కే దారే లేదు. సొత్తు ఎవరిదన్న వాదన ఎంత బలంగా ఉన్నా, వాదించే అర్హత లేకపోతే ఆ తగాదా అక్కడే ఆగిపోతుంది.

అప్పటికి అమెరికా కూడా యుద్ధంలో ఉంది. 1917 డిసెంబరు చివర్లో రైల్వేలన్నీ ప్రభుత్వ అజమాయిషీలోకి వెళ్ళాయి. ఇంజన్ల కొరత తీవ్రంగా ఉంది. అందుకే మిగిలిన డెకాపాడ్లను ప్రభుత్వమే తీసుకుని రైల్వేలకు పంచింది. అసలు అడ్డు ఒక్కటే. అప్పటి రష్యా గేజ్ 5 అడుగులు, అంటే 1524 మి.మీ. అమెరికాది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే 1435 మి.మీ. తేడా 89 మి.మీ. ఒక్కో పక్క నలభై నాలుగున్నర మి.మీ. లోపలికి రావాలి.

"చక్రాలు జరిపితే చాలదా" అన్న మీ ప్రశ్న ఇక్కడ తగులుతుంది. ఈ ఆవిరి ఇంజన్లో చక్రాన్ని ఇరుసు మీద లోపలికి నెట్టలేరు. సిలిండర్, పిస్టన్ రాడ్, కనెక్టింగ్ రాడ్, పక్క చక్రాలను కలిపే సైడ్ రాడ్లు అన్నీ చక్రాల బయటివైపు ఒకే నిలువు తలంలో ఉంటాయి. చక్రం 44 మి.మీ. లోపలికి జరిగితే దాని మీదున్న క్రాంక్ పిన్ (రాడ్ తగిలించే పిన్ను) కూడా అంతే జరుగుతుంది. సిలిండర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రాడ్ వంకరగా లాగుతుంది, బేరింగ్ వేడెక్కుతుంది, కొద్ది మైళ్ళలోనే పాడవుతుంది. పైగా ఇంజన్ ఫ్రేము చక్రాల మధ్యన ఉంటుంది. చక్రాన్ని లోపలికి తెస్తే ఫ్రేముకు, ఇరుసు బేరింగ్ ఉండే యాక్సిల్ బాక్సుకు తగులుకుంటుంది.

అందుకే చక్రం జోలికి పోకుండా టైరు మార్చారు. ఆవిరి ఇంజన్ చక్రం రెండు ముక్కలు: మధ్యన పోత ఉక్కు చక్రం, దాని చుట్టూ బిగించిన ఉక్కు టైరు. పట్టా మీద దొర్లేది టైరే, చక్రం పట్టా దిగకుండా ఆపే అంచు, అంటే ఫ్లాంజ్, ఉండేదీ టైరుకే. చక్రం ఉన్నచోటే ఉంచి మామూలు కంటే వెడల్పయిన టైరు వేశారు. ఆ అదనపు వెడల్పు లోపలివైపు వచ్చేలా చూశారు. దాంతో ఫ్లాంజ్ 1435కి సరిపడే చోటికి వచ్చింది, క్రాంక్ పిన్ కదల్లేదు.

టైరు బిగించే పని ఎలా ఉంటుందో లెక్కతో చూద్దాం. డెకాపాడ్ లాగే చక్రం వ్యాసం 52 అంగుళాలు, అంటే 1321 మి.మీ. టైరు మందం మూడు అంగుళాలు అనుకుంటే లోపలి వ్యాసం సుమారు 1170 మి.మీ. టైరు లోపలి వ్యాసాన్ని చక్రం కంటే వెయ్యికి ఒక వంతు తక్కువగా చిత్రిక పట్టడం పాత ఆనవాయితీ. ఇక్కడ సుమారు 1.2 మి.మీ. ఉక్కు ఒక్కో డిగ్రీకి లక్షకు 1.2 వంతున వ్యాకోచిస్తుంది. టైరును గ్యాసు మంటల వలయంలో పెట్టి 200 డిగ్రీలు పెంచితే 2.8 మి.మీ. విప్పారుతుంది. ఆ 1.2 పోగా 1.6 మి.మీ. సందు మిగులుతుంది, చక్రాన్ని అందులోకి దించడానికి అది చాలు. చల్లారాక చక్రాన్ని పట్టేస్తుంది. పని చెడేది రెండు చోట్ల. తొందరపడి ఎర్రగా కాల్చితే ఉక్కు గుణం మారి టైరు మెత్తబడుతుంది. తొందరగా చల్లారాలని నీళ్ళు పోస్తే పగులుతుంది. బిగింపు తక్కువైతే ఇంకో ముప్పు ఉంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు టైరు వేడెక్కి వదులై చక్రం మీద తిరిగిపోతుంది. అది కనిపెట్టడానికే టైరుకీ చక్రానికీ కలిపి ఒక గీత పెయింటుతో గీస్తారు. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే ఇంజన్ షెడ్డుకి వెళ్ళాల్సిందే.

టైరు మార్చాక పని అయిపోదు. పట్టా తాకే చోటు లోపలికి వచ్చింది కాబట్టి బ్రేకు బ్లాకులూ లోపలికి రావాలి, లేకపోతే సగం టైరు మీద, సగం గాలిలో అరుగుతాయి. ముందు చిన్న చక్రాలకూ, వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండరు చక్రాలకూ క్రాంక్ పిన్ గొడవ లేదు, వాటి సంగతి వేరుగా చూడొచ్చు. రష్యాలో అప్పట్లో బండ్లను కలపడానికి బఫర్లు, మర తిప్పి బిగించే స్క్రూ కప్లింగ్ ఉండేవి. వాటి స్థానంలో అమెరికా నకల్ కప్లర్, దాని వెనక దెబ్బ ఓర్చుకునే డ్రాఫ్ట్ గేర్ పెట్టాలి. కప్లర్ ఎత్తు సరిపోలకపోతే ఎత్తుపల్లాల్లో బండి విడిపోతుంది.

ఇంత చేసి తీసుకోవడానికి ఇవి పనికొచ్చే ఇంజన్లేనా? లెక్క వేయండి. సిలిండర్ వ్యాసం 25 అంగుళాలు, స్ట్రోక్ 28 అంగుళాలు, బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 180 పౌండ్లు, చక్రం 52 అంగుళాలు. లాగే బలం = 0.85 × 180 × 25 × 25 × 28 ÷ 52. సుమారు 51,500 పౌండ్లు, అంటే 23 టన్నుల పైచిలుకు. రష్యా పట్టాలు తేలికవి కాబట్టి ఒక్కో ఇరుసు మీద దాదాపు 16 టన్నులకు మించకుండా కట్టారు. బలం బాగా ఉంది, ఇరుసు బరువు తక్కువ. అమెరికాలో పెద్ద ఇంజన్లు వెళ్ళలేని తేలిక పట్టాల బ్రాంచి లైన్లకు ఇంతకంటే ఏం కావాలి? అనుకోకుండా అమరిన ఈ గుణం వల్లే యుద్ధం ముగిశాక కూడా ఫ్రిస్కో లాంటి రైల్వేలు వీటిని దశాబ్దాల పాటు వాడుకున్నాయి.

ఇక ఫిన్లాండ్. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే వంశపు డెకాపాడ్లు అమెరికా నుంచి లెండ్-లీజు (మిత్రదేశాలకు యుద్ధ సామగ్రి ఇచ్చే పథకం) కింద రెండు వేలకు పైగా సోవియట్‌కి వెళ్ళాయి. యుద్ధం ముగిసి స్నేహం చెడ్డాక చివర్లో 20 మిగిలిపోయాయి. వాటిని ఫిన్లాండ్ కొనుక్కుంది. అక్కడ టీఆర్-2 తరగతి అన్నారు, జనం "ట్రూమన్" అని పిలిచారు. ఫిన్లాండ్ రైల్వే జార్ల పాలనలో పుట్టింది, గేజ్ 1524. టైరు మార్చే పనే లేదు, కప్లింగ్ లాంటివి చూసుకుంటే చాలు. మూడింట్లోనూ అతి తేలిగ్గా తేలిన అమ్మకం ఇదే. మనవైపు కూడా ఇలాగే ఉంది. బంగ్లాదేశ్‌కి భారత్ 2020లో 10, 2023లో 20 బ్రాడ్ గేజ్ డీజిల్ ఇంజన్లు ఇవ్వగలిగింది, ఎందుకంటే రెండుచోట్లా గేజ్ 1676 మి.మీ. అదే మొజాంబిక్ కోసం వారణాసిలో కట్టే 1067 మి.మీ. ఇంజన్ అమ్మకం మధ్యలో ఆగితే దాన్ని కాజీపేట షెడ్డుకి తెచ్చి వాడుకోలేం.

అన్నిటికంటే చిక్కుపడ్డది 1948 నాటి కరెంటు ఇంజన్ల వ్యవహారం. జనరల్ ఎలక్ట్రిక్‌కి సోవియట్ పాత ఖాతాదారు. 1932లోనే జార్జియాలోని సురామ్ కనుమ కోసం ఎనిమిది కరెంటు ఇంజన్లు అమ్మింది. 1946లో సోవియట్ మళ్ళీ 20 ఇంజన్లు అడిగింది. పెన్సిల్వేనియాలోని ఈరీలో కట్టారు. 3,300 వోల్టుల డీసీ, ఎనిమిది లాగే ఇరుసులు, ముందూ వెనకా రెండేసి దారిచూపే ఇరుసులు, పొడవు 27 మీటర్లు, బరువు సుమారు 243 టన్నులు, నిరంతర శక్తి 5,110 హార్స్‌పవర్. ఇంజన్లు తయారవుతుండగానే అమెరికా 1948 మార్చి 1 నుంచి యూరప్‌కి వెళ్ళే దాదాపు ప్రతి సరుకుకూ ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంజన్లు వ్యూహాత్మక సరుకు కిందికి వచ్చాయి, దారి మూసుకుపోయింది. పద్నాలుగు 1524 గేజ్‌కి కట్టేశారు. చివరి ఆరు 1435కి కట్టారు.

కొనేవాడెవరు? అప్పట్లో అమెరికాలో 3,000 వోల్టుల డీసీ తీగ కింద దూరప్రాంత సరుకు రవాణా చేసే రైల్వే మిల్వాకీ రోడ్. మోంటానాలోని హార్లోటన్ నుంచి ఐడహోలోని ఏవరీ దాకా సుమారు 440 మైళ్ళ కొండదారి. మొత్తం 20 ఇంజన్లనూ పది లక్షల డాలర్లకు, అంటే తుక్కు ధరకు కాస్త పైన, తీసుకునే బేరం వచ్చింది. మిల్వాకీ బోర్డు డబ్బు విడుదల చేయలేదు. ఈలోగా చికాగో దగ్గరి సౌత్ షోర్ లైన్ మూడు, బ్రెజిల్‌లోని పౌలిస్తా రైల్వే ఐదు తీసుకున్నాయి. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది, సరుకు రవాణా పెరిగింది, ఇంజన్లు చాలలేదు. అప్పుడు మిల్వాకీ పరుగున వచ్చి మిగిలిన 12 కొంది, విడిభాగాలతో కలిపి అదే పది లక్షల డాలర్లకు. ఒక్కోటి 50,000కు వచ్చేది 83,000 పైన పడింది. ఒక యుద్ధ వాతావరణం అమ్మకాన్ని ఆపింది, ఇంకో యుద్ధం ధర పెంచింది. బోర్డు తాత్సారానికి మూల్యం ఎనిమిది ఇంజన్లు. రైల్వే చరిత్రలో ఇంత స్పష్టంగా లెక్క తేలే పొరపాటు అరుదు.

లెక్క చూడండి: అమెరికాలో మిగిలినవి 15, అందులో 1435కి కట్టినవి ఆరే. కనీసం తొమ్మిదింటికి గేజ్ తగ్గించాల్సి వచ్చింది. బ్రెజిల్‌లోని పౌలిస్తా గేజ్ 1600 మి.మీ. కాబట్టి అక్కడికి వెళ్ళినవి వెడల్పు చేయాలి. కరెంటు ఇంజన్‌కి బయట రాడ్లుండవు, క్రాంక్ పిన్ బాధ లేదు. కానీ రెండు చక్రాల మధ్యనే వాటిని తిప్పే ట్రాక్షన్ మోటారు, గేర్ పెట్టె కూర్చుంటాయి. 1524 గేజ్‌లో చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1440 మి.మీ. అయితే 1435లో సుమారు 1360. ఆ 80 మి.మీ. పోతే మోటారు, గేర్ పెట్టె పడతాయా అన్నది కొనకముందే డ్రాయింగ్ మీద కొలవాలి. ఇరుసు మీద చక్రం కూర్చునే చోటు సరిపోకపోతే ఇరుసే మార్చాలి.

వోల్టేజ్ సంగతి ఇంకా లోతు. ఈ ఇంజన్లలో ఉండే సిరీస్ రకం మోటారు వేగం, అదే కరెంటు దగ్గర, దాదాపు వోల్టేజ్‌ని బట్టి ఉంటుంది. 3,300కి కట్టిన ఇంజన్ 3,000 కింద సుమారు తొమ్మిది శాతం నెమ్మదిస్తుంది. మిల్వాకీ ఇంజన్‌ని మార్చడం కంటే సబ్‌స్టేషన్ల వోల్టేజ్‌ని 3,400కి పెంచింది, ఇంజన్ పూర్తి శక్తి ఇచ్చింది. సౌత్ షోర్ తీగ 1,500 వోల్టులే. అక్కడ 5,110 హార్స్‌పవర్, అంటే 3,810 కిలోవాట్లు, రాబట్టాలంటే నష్టాలు కలపకుండానే 2,540 ఆంపియర్లు లాగాలి. నగరాల మధ్య ప్రయాణికుల బండ్ల కోసం వేసిన తీగ, సబ్‌స్టేషన్లు అంత భారం తట్టుకోవు. అందుకే సర్క్యూట్లు 1,500కి మార్చి, తక్కువ శక్తితో వాడుకోవాలి. ఇక్కడ కొత్తవాళ్ళు మరిచేది ఒకటుంది: ట్రాక్షన్ మోటార్లు మారిస్తే చాలదు, కంప్రెసర్, బ్లోయర్, కంట్రోల్ కరెంటు ఇచ్చే మోటార్-జనరేటర్ కూడా పై తీగ మీదే బతుకుతాయి. వాటిని వదిలేస్తే ఇంజన్ కదులుతుంది గానీ బ్రేకుకు గాలి ఉండదు.

మిల్వాకీలో వీటికి స్టాలిన్ పేరు మీద "లిటిల్ జో" అన్న పేరు స్థిరపడింది. రెండు ప్రయాణికుల బండ్లకు, పది సరుకు బండ్లకు. డీజిల్ ఇంజన్లను కూడా జో క్యాబ్ నుంచే నడిపే ఏర్పాటు తర్వాత చేర్చారు. 1974 జూన్‌లో మిల్వాకీ కరెంటు లైన్ మూసేసే దాకా పనిచేశాయి. బ్రెజిల్‌లో వాటిని "రూసా" అన్నారు, అంటే రష్యన్ పిల్ల.

చివరగా అడ్వాన్సు. దీనికి నమూనా కేసు ఇంజన్లది కాదు, అవిసె నార దువ్వే యంత్రాలది: ఫిబ్రోసా కేసు. 1939 జూలైలో ఒక పోలండ్ కంపెనీ ఇంగ్లండ్‌లోని లీడ్స్ కంపెనీ నుంచి 4,800 పౌండ్లకు యంత్రాలు కొనడానికి ఒప్పుకుంది, 1,000 పౌండ్లు కట్టింది. సెప్టెంబరులో జర్మనీ వచ్చి సరుకు దిగాల్సిన గ్డీనియా రేవును ఆక్రమించింది. అప్పటిదాకా ఇంగ్లిష్ చట్టం "నష్టం ఎక్కడ పడితే అక్కడే ఉండాలి" అనేది. 1942లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తోసేసి 1,000 పౌండ్లు వెనక్కి ఇమ్మంది. దాంతో అప్పటికే యంత్రాల మీద ఖర్చు పెట్టిన అమ్మకందారుకి అన్యాయం జరిగింది. 1943 చట్టం వచ్చి న్యాయమైన ఖర్చు మినహాయించుకునే వీలు కల్పించింది. మనకు 1872 కాంట్రాక్టు చట్టంలోనే సెక్షన్ 56 (పని అసాధ్యమైతే ఒప్పందం చెల్లదు), సెక్షన్ 65 (పొందిన లాభం తిరిగి ఇవ్వాలి లేదా పరిహారం కట్టాలి) ఉన్నాయి. సొత్తు ఎప్పుడు మారుతుందన్నది 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్లు 18, 23 చెబుతాయి: సరుకు ఫలానాదని నిర్ధారణ అయ్యాక, ఇరువురి సమ్మతితో ఆ ఒప్పందానికి కేటాయించాక మాత్రమే. సగం కట్టిన ఇంజన్, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, ఫ్యాక్టరీదే.

కాబట్టి ఇలాంటి ఒప్పందం చదివేటప్పుడు నాలుగు చోట్ల వేలు పెట్టి చూడండి. ఎగుమతి లైసెన్సు తేవాల్సింది ఎవరు (సరుకు ఫ్యాక్టరీ దగ్గరే అప్పగించే ఎక్స్‌వర్క్స్ అయితే కొనేవాడు; అమ్మేవాడే ఓడకెక్కించే ఎఫ్‌ఓబీ, ఓడ కిరాయి, బీమా కూడా కట్టే సీఐఎఫ్ అయితే అమ్మేవాడు). లైసెన్సు రాకపోతే ఎన్ని నెలలు ఆగాలి. విడతల చెల్లింపుతో పాటు సొత్తు కూడా విడతలుగా మారుతుందా, ఫ్రేము నంబరు ఒప్పందంలో రాశారా. ఆగిపోయిన ఇంజన్‌ని మూడోవాడికి అమ్మితే గేజ్ మార్పు ఖర్చు ఎవరి లెక్కలో పడుతుంది. ఈ చివరిది రాసుకోవడం మరవొద్దు.

కళ్ళతో చూడాలంటే ఇల్లినాయ్ రాష్ట్రంలోని యూనియన్ ఊళ్ళో ఉన్న ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంకి వెళ్ళండి. 1918లో రష్యా కోసం బాల్డ్విన్ కట్టిన ఫ్రిస్కో 1630 డెకాపాడ్, సౌత్ షోర్ వాళ్ళ 803 నంబరు లిటిల్ జో రెండూ అక్కడే ఉన్నాయి. మిల్వాకీవాటిలో మిగిలిన ఇ-70 మోంటానాలోని డీర్ లాడ్జ్‌లో, తాను పనిచేసిన లైను పక్కనే ఉంది.